మానేసినవాళ్ల గ్లాసులు

తాగేవాడితో కాపురం గురించి అడిగితే చాలామంది ఆడవాళ్లు కన్నీళ్ల గురించి చెబుతారు. నేను ఏడ్చింది తక్కువ. నాకు ఉన్నదల్లా రోత. దుప్పటికి పట్టిన పులిసిన కంపు, అన్నానికి కూర్చుంటే ఎదురుగా వణికే వేళ్లు, గెడ్డానికి అంటుకున్న మెతుకులు, మాటకు ముందే వచ్చే తేన్పు. జాలి పడాలని తెలుసు. పక్కింటివాళ్లు పడేవారు. వాళ్లకేం, ఆ దుప్పటి ఉతికేది వాళ్లు కాదు కదా.

మాది కృష్ణా డెల్టా వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం. మా మామగారి హయాంలో జూలూరుపాడు దగ్గర పొలాలు కొనుక్కొని, మిరప, పత్తి వేసి నిలదొక్కుకున్నారు. ఆయన పోయాక సేద్యం మా ఆయన చేతికి వచ్చింది, చేతిలోంచి గొంతులోకి దిగడం మొదలుపెట్టింది. ఇదంతా ఎనభైల చివరి మాట. మానిపించడానికి నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఎవరో ఇచ్చిన నాటుమందు పొడి పులుసులో కలిపి పెట్టాను. మూడురోజులు పులుసు మానేశాడు గానీ సారా మానలేదు. ఒక ఏడు మాల వేయించాను. మండలం పాటు ఊరంతా ఆయన్ని స్వామీ అని పిలిచింది. తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. నేనూ నమ్మాను. కొండకు వెళ్లి మాల తీసినవాడు తీసినట్టే తాగడం మొదలుపెట్టి, ఒక చేతిలో ప్రసాదం డబ్బా, ఇంకో చెయ్యి తోటి స్వామి భుజం మీద వేసుకొని ఇంటి ముందు దిగాడు. ఆ ప్రసాదం నేను నోట్లో పెట్టుకోలేదు.

కళ్లు పచ్చబడి, పొట్ట ఉబ్బితే ఖమ్మం దవాఖానాలో చేర్చాం. పక్క మంచం మీద బొగ్గుగనిలో పనిచేసే ఆయన కాలు విరిగి పడుకొని ఉండేవాడు. ఆయన భార్యకు మా మంచం వైపు చూడగానే సంగతి అర్థమైంది.

“మా ఇంటాయన గూడ గిట్లనే తాగెటోడమ్మా” అంది. “ఇప్పుడు కాలిరిగింది గని, తాగి కాదు.”

ఆ చివరి ముక్క ఎంత గొప్పగా అందంటే, నాకు నవ్వాలో ఏం చెయ్యాలో తెలియలేదు. ఎలా మానేశాడని అడిగాను.

“కొత్తగూడెంల చర్చి ఎనక ఇస్కూలున్నది. ఐతారం పొద్దుగూకే యాళ్లకు తాగి మానినోళ్లంత ఆడ కూసుంటరు. మందుల్లేవ్, పూజల్లేవ్. ఒకల ముచ్చట ఒకలు ఇంటరు.”

“వింటే మానేస్తారా?”

“నాకేమెర్క. పోతడు, తాగకుంట వస్తడు. గంతే.”

ఇంటికి వచ్చాక మా ఆయనకు చెప్పాను. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. “నన్ను తాగుబోతుల సంఘంలో చేరమంటావా?” అన్నాడు. “ఇప్పుడున్నది ఏ సంఘంలో?” అని అడిగాను. తరువాతి ఆదివారం బస్సెక్కాం.

కొత్తగూడెంలో దిగాక ఆ చోటు ఎక్కడో ఎవర్ని అడగాలో తెలియదు. ఆయన తల వంచుకొని నా వెనక నిలబడ్డాడు. నేనే టీకొట్టు దగ్గరికి వెళ్లి, తాగుడు మానినవాళ్లు కూర్చునే చోటు ఎక్కడని అడిగాను. కొట్టతను మా ఇద్దర్నీ పైనుంచి కిందికి చూసి, “ఇద్దరికా?” అన్నాడు. నా ఒళ్లు మండింది. అతను చూపించిన దారిన నడిచాను.

అది చిన్నపిల్లల తరగతి గది. గోడకు అక్షరాల పటాలు, పిల్లల తలలు ఆనిన నూనె మరకలు. పొట్టి బెంచీల మీద పెద్ద పెద్ద మగవాళ్లు మోకాళ్లు గెడ్డానికి ఆనించుకొని కూర్చున్నారు. బీడీ వాసన, చెమట వాసన, బొగ్గు వాసన. ఆడదాన్ని నేనొక్కదాన్నే. చివరి బెంచీ మీద అంచుకు కూర్చొని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ముందున్న ముసలాయన, గనిలో రిటైరైన మనిషి, పద్ధతి చెప్పాడు. ఇక్కడ ఇంటిపేరు లేదు, కులం లేదు, అసలు పేరే లేదు. ఎవరు ఏ ఊరి బస్సు దిగి వస్తే ఆ ఊరి పేరుతో పిలుస్తారు. ఎవరి తాగుడు గురించి వాళ్లే చెప్పుకోవాలి. పక్కవాడికి బుద్ధులు చెప్పకూడదు, మధ్యలో అడ్డు రాకూడదు. చివర టీ తాగి వెళ్లిపోవాలి. అలా మా ఆయన ఆ సాయంత్రం జూలూరుపాడన్న అయ్యాడు.

ఆ రోజు మాట్లాడినవాళ్లలో నాకు గుర్తున్నది టేకులపల్లన్న. అడవి పక్క కోయగూడెం మనిషి. ఎండుకట్టె లాంటి ఒళ్లు, చెవిలో సగం కాల్చిన బీడీ. లేచి నిలబడ్డాడంటే కూర్చోడు.

“ఓరోజు తాగొచ్చి నా ఇల్లనుకొని పందుల దొడ్లె పన్న. పొద్దుగాల ఎవలో మూతి నాకుతున్నరు. నా పిల్లలు లేపుతున్నరనుకున్న. కండ్లు తెరిస్తే పందిపిల్లలు. నేను రాత్రి కక్కింది తింటున్నయ్.”

గది గదంతా నవ్వింది. ఇందులో నవ్వడానికేముంది, సిగ్గు లేకపోతే సరి, లేచి వెళ్లిపోదామని మా ఆయన వైపు చూశాను. ఆయన కూడా నవ్వుతున్నాడు. తాగకుండా ఆయన నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు. నవ్వు ఆగేదాకా టేకులపల్లన్న నిలబడే ఉన్నాడు.

“నా పిల్లలు మాత్రం లేపనీకి రాలే” అని కూర్చున్నాడు.

టీ బకెట్లో వచ్చింది. బడి గ్లాసులు కొన్నే ఉన్నాయి. ఒకరు తాగినది నీళ్ల బకెట్లో ముంచి ఇంకొకరికి ఇస్తున్నారు. ఆ నీళ్ల రంగు చూసి నాకు వద్దన్నాను. మా ఆయన తాగాడు. తిరుగు బస్సులో, “వచ్చే ఆదివారం కూడా వెళ్దాం” అన్నాడు.

అలా వెళ్లాం. మొదట్లో ఆయన నోరు విప్పేవాడు కాదు. తర్వాత విప్పాడు. నేను చివరి బెంచీ మీద కూర్చొని, నాకు తెలిసినవీ తెలియనివీ నలుగురి ముందూ వినేదాన్ని. కొన్ని వింటుంటే ఈ మనిషి కంచమా నేను ఇన్నాళ్లు కడిగింది అనిపించేది. కానీ తాగడం మానేశాడు. ఇంట్లో కంపు పోయింది.

మధ్యలో బాగా యాతన పడే రోజులుండేవి. అలాంటప్పుడు టేకులపల్లన్న ఎలా తెలుసుకునేవాడో, సైకిలు తొక్కుకుంటూ దిగేవాడు. మోటారు షెడ్డు దగ్గర ఇద్దరూ కూర్చునేవారు. అతను వాగేవాడు, మా ఆయన వినేవాడు. ఆ మనిషిని నేను భరించలేకపోయేదాన్ని, ఆ మాట దాచను. ఎక్కడపడితే అక్కడ ఉమ్మేవాడు. నా తులసికోటలో బీడీ ముక్కలు గుచ్చేవాడు. ఆ పందుల కథ ప్రతిసారీ మొదటినుంచీ చెప్పి, ప్రతిసారీ తానే ముందు నవ్వేవాడు. అయినా అతను వచ్చి వెళ్లిన రోజున మా ఆయన తాగేవాడు కాదు. ఆముదం మింగినట్టు అతన్ని మింగేదాన్ని.

వానాకాలం వాగులు పొంగి బస్సులు తిరక్కపోవడంతో, మన దగ్గరే కూర్చుందామని మా ఆయన మిరపకాయల గోడౌను శుభ్రం చేయించాడు. మొదట వచ్చింది టేకులపల్లన్న, ఒక లారీ డ్రైవరు, ఇద్దరు కూలీలు. నేను టీ పెట్టి ఇచ్చేదాన్ని. గోడౌనులో ఘాటుకు అందరూ తుమ్ముకుంటూ తమ పాపాలు చెప్పుకునేవారు.

మా ఆయన మానేశాడన్న కబురు మా వాళ్లలో పాకింది. ఒక ఆదివారం తానూ మానేస్తానంటూ బుల్లెట్టు మీద మా బావగారు దిగాడు. మా ఆయనకు పెదనాన్న కొడుకు, తాగుడులో గురువు కూడా ఆయనే. తెల్లటి పంచె, మెడలో గొలుసు. చేతిలో సంచి. టీ వేళకు సంచిలోంచి ఒక స్టీలు గ్లాసు తీసి నాకిచ్చాడు.

“అమ్మాయ్, నాకు ఇందులో పొయ్యి. కామెర్లు అంటుకుంటాయట, డాక్టరు చెప్పాడు.”

పోశాను. తరువాతి వారం ఆయన వెంట మరి కొందరు మా వాళ్లు వచ్చారు. అందరి సంచుల్లోనూ గ్లాసులు. అందరికీ ఒకే డాక్టరు చెప్పినట్టుంది. పెళ్లిళ్లలో చదివింపుల కింద వచ్చిన గ్లాసులు, వాటి మీద ఇంటిపేరుతో సహా పేర్లు చెక్కి ఉన్నాయి. పేరు లేదు, ఇంటిపేరు లేదని మొదట్లో అందరూ ఒక్క గొంతుతో అనుకొని కూర్చునే మీటింగులో నేను గ్లాసుల మీద ఇంటిపేర్లు చదువుకుంటూ టీ పోసేదాన్ని. గ్లాసు లేనివాళ్లు టేకులపల్లన్న, డ్రైవరు, కూలీలు. వాళ్లకు గోడౌను గ్లాసులు. బావగారి మనుషులు తమ గ్లాసులు తామే కడుక్కొని, తుడుచుకొని, సంచిలో పెట్టుకొని వెళ్లేవారు. ఇంట్లో మంచినీళ్లు తాగిన చెంబు పక్కన పెట్టడం చేతకాని మగవాళ్లు గ్లాసులు తోముకోవడం అప్పుడే చూశాను.

తర్వాత కుర్చీలు వచ్చాయి. కుర్చీలు చాలినంత లేవు, మిగిలినవాళ్లు గోనెసంచుల మీద కూర్చున్నారు. ఎవరు మిగిలారో ఎవరూ నిర్ణయించలేదు, అయినా ప్రతివారం వాళ్లే మిగిలేవారు. కొత్తగూడెంలో మా ఆయన్ని అన్నా అని పిలిచిన టేకులపల్లన్న, ఒకరోజు టీ అందుకుంటూ “దొరా, జర చక్కెరెయ్యమనుండ్రి” అన్నాడు. మా ఆయన తలెత్తలేదు. నేను చక్కెర వేశాను.

పందుల కథ ఆగిపోయింది. అతని వంతు వస్తే, “నేను తాగలే, గంతే” అని కూర్చునేవాడు. ఆ కథ ఎప్పుడు ఆగుతుందా అని అన్నాళ్లు ఎదురుచూసిన నాకు, ఆగాక గోడౌనులో ఏదో చచ్చినట్టు అనిపించింది. బావగారి వంతు మాత్రం చాలాసేపు సాగేది. తప్పులు చెప్పుకోమంటే గొప్పలు చెప్పుకునేవాడు. ఏ ఎమ్మెల్యేతో తాగాడో, ఎంత ఖరీదైనది తాగాడో, తాగి కూడా ఎంత నిటారుగా నడిచాడో. ఆ తర్వాత మిరప ధరలు, ఎవరి పిల్లకు ఎక్కడ సంబంధం కుదిరింది. వాళ్ల ముఖాలు చూస్తే నాకు వాంతి వచ్చేది. తాగి పడిపోయిన మగవాడి కంటే, తాగకుండా కుర్చీలో కూర్చున్న మగవాడు ఇంత రోత పుట్టిస్తాడని నేను అనుకోలేదు.

ఒక ఆదివారం టేకులపల్లన్న రాలేదు. మరుసటి వారమూ రాలేదు. “వాళ్లకు నిలకడ ఉండదమ్మాయ్” అన్నాడు బావగారు గ్లాసు తుడుచుకుంటూ. మోటారు షెడ్డు దగ్గరికి సైకిలు రావడం ఆగిపోయింది. మా ఆయన వేళ్లు మళ్లీ వణకడం మొదలుపెట్టాయి. రాత్రి అన్నం కెలికి లేచిపోయేవాడు. ఇంట్లో ఉన్న సీసాలన్నీ, మందుల సీసాలతో సహా, నేను వాసన చూసి దాచేదాన్ని. ఎప్పుడు జారుతాడా అని చూడటమే నా పని అయింది.

ఒక మధ్యాహ్నం చొక్కా వేసుకొని, టేకులపల్లి వెళ్లొస్తానన్నాడు. నేనూ చెప్పులు వేసుకున్నాను. నువ్వెందుకన్నాడు.

“మీరు ఒక్కరు వెళ్లి ఇద్దరై తాగొస్తే, ఆ కంపు భరించేది నేనే కదా” అన్నాను.

టేకులపల్లన్న గుడిసె ముందు అతని భార్య ఇప్పపువ్వు ఎండబోస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

“ఆడ కూసున్నడు” అని గెడ్డంతో చెట్ల వైపు చూపించింది. “మీ మీటింగుల ఏమయిందో ఏమో. ఏందయ్యా అంటే చెప్పడు. తాగకముందే మాట బందయింది. తర్వాత తాగుడు షురువయింది.”

సారా కాచే ఇంటి వెనక, పశువుల కొట్టం పక్కన కొందరు గుండ్రంగా కూర్చొని ఉన్నారు. పేడ కంపు, సారా కంపు, కాల్చిన ఎండుచేపల కంపు కలిసి ముఖానికి కొట్టాయి. మధ్యలో ఒకటే గ్లాసు తిరుగుతోంది. అంచు విరిగిన గాజు గ్లాసు. టేకులపల్లన్న సగం తాగి పక్కకు అందించాడు. పక్కన బోర్లించిన గంప మీద కూర్చొని దాన్ని అందుకున్నది మా బావగారు.

అదే తెల్ల పంచె, అదే గొలుసు. గ్లాసు అంచుకు చేప ముక్క అంటుకొని ఉంటే చిటికెనవేలితో తోసేసి, మిగిలిన సగం గటగటా తాగి, అరచేత్తో మూతి తుడుచుకున్నాడు. ఎవరు తాగిన ఎంగిలో, ఏ నోటిదో అక్కడ ఆయనకు పట్టలేదు. ఆయన డాక్టరు కూడా అక్కడ లేడు. ఎన్నేళ్లు ఎన్ని రకాల మురికి ఎత్తిపోశానో నాకే తెలుసు. ఏదీ నన్ను అంత రోత పెట్టలేదు. ఆ మనిషి ముఖం మీద ఉమ్మాలనిపించింది.

బావగారు మమ్మల్ని చూసి ఏమాత్రం తడబడలేదు. “రా తమ్ముడూ, కూర్చో” అన్నాడు.

టేకులపల్లన్న మాత్రం లేవబోయి, లేవలేక, నేల మీద చెయ్యి ఆనించాడు. “అమ్మా, మీరు గీడికి రావద్దు” అన్నాడు నాతో. “గీడ గ్లాసు ఒక్కటే అమ్మా. గది మంచిగున్నది” అన్నాడు.

బావగారు గ్లాసు నింపి మా ఆయన వైపు చాచాడు. మా ఆయన చెయ్యి లేచింది. వారాలుగా వణుకుతున్న చెయ్యి అప్పుడు వణకలేదు. అది చూసి నాకు ప్రాణం పోయింది. గ్లాసు అందుకున్నాడు. ముక్కు దాకా తెచ్చాడు. కొత్తగూడెం బస్సులు, పొట్టి బెంచీలు, ఆ ఆదివారాలన్నీ ఆ గ్లాసులో పోతున్నాయని తెలుస్తూనే ఉంది.

టేకులపల్లన్న మోకాళ్ల మీద పాక్కుంటూ వచ్చాడు. మా ఆయన చేతిలోంచి గ్లాసు గుంజుకొని, ఒక్క గుక్కలో తానే తాగేశాడు. సగం గెడ్డం మీదుగా చొక్కాలోకి కారింది.

“నీకొద్దన్నా” అన్నాడు. తర్వాత పక్కకు ఒరిగి అక్కడే కక్కుకున్నాడు.

చాలా నెలల తర్వాత అతని నోట అన్నా అన్న మాట అదే. మా ఆయన ఆ పేడలో అతని పక్కనే కూర్చొని, తల ఎత్తి పట్టుకున్నాడు. బావగారు పంచె తడవకుండా ఎత్తుకొని జరిగాడు. టేకులపల్లన్న నిలబడగలిగేదాకా ఉండి, ఇద్దరం చెరో రెక్క పట్టుకొని గుడిసెకు చేర్చాం. అతని చంక నా భుజానికి రాసుకుంటుంటే ఊపిరి బిగబట్టి నడిచాను.

మరుసటి ఆదివారం బావగారు ఏమీ జరగనట్టే బుల్లెట్టు దిగి, సంచిలోంచి గ్లాసు తీసి పక్కన పెట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు. మా ఆయన తన వంతు రాగానే లేచాడు.

“పోయినవారం నేను సారా గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. ఎవరిచ్చారో చెప్పను, అది పద్ధతి కాదు. నన్ను తాగనివ్వకుండా ఆపిన మనిషి ఇవాళ ఇక్కడ లేడు. అతన్ని సంచుల మీద కూర్చోబెట్టింది నా గోడౌనులో. నా భార్య రెండు రకాల గ్లాసుల్లో టీ పోస్తుంటే ప్రతివారం చూశాను. నా తప్పులన్నీ చెప్పేశాననుకున్నాను. ఇదొక్కటీ చెప్పలేదు. వచ్చేవారం నుంచి ఇక్కడ గోడౌను గ్లాసులే. ఇష్టం లేనివాళ్లు రానక్కర్లేదు.”

“మన ఇళ్లలో పద్ధతులు...” అని బావగారు మొదలుపెట్టాడు.

“ఒకరు చెబుతుంటే అడ్డు రాకూడదు బావగారూ” అన్నాను నేను, టీ గిన్నె చేత్తో పట్టుకొనే. ఆ మీటింగుల్లో అందరి ముందూ నేను మాట్లాడింది అదొక్కసారే.

మోటారు సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి వెళ్లిపోయాయి. ఊళ్లో మా గురించి ఏమనుకున్నారో నాకు తెలుసు. పెళ్లి పిలుపులు కూడా కొన్ని తగ్గాయి. డ్రైవరు, కూలీలు, మా ఆయన, ఖాళీ కుర్చీలు మిగిలాయి. మా ఆయన ప్రతివారం ముందుగా టేకులపల్లి వెళ్లి అతన్ని పిలిచేవాడు. అతను వస్తానని రాడు. కొన్నిసార్లు గుడిసెలో ఉండి కూడా లేనని చెప్పించేవాడు. దసరా వెళ్లింది, పత్తి ఏరడం మొదలైంది.

ఒకరోజు మీటింగు సగంలో ఉండగా గుమ్మం దగ్గర కంపు వచ్చింది. మనిషి కంటే ముందు కంపే వచ్చింది. టేకులపల్లన్న ద్వారబంధం పట్టుకొని నిలబడి, మెల్లగా జారి గడప మీద కూలబడ్డాడు. మొలకు తడి, గెడ్డానికి చొంగ, కాళ్లకు మోకాళ్ల దాకా బురద. లోపల మాట్లాడుతున్న డ్రైవరు ఆగి, మళ్లీ కొనసాగించాడు. నేను టీ గ్లాసు పట్టుకొని దగ్గరికి వెళ్లాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా ఉండలేకపోయాను. నాకు అతనంటే అసహ్యం పోలేదు. ఇవాళ్టికీ ఆ వాసన తలుచుకుంటే ఓకరింపు వస్తుంది.

అతను తల ఎత్తి, నన్ను గుర్తుపట్టడానికి కాసేపు తంటాలు పడ్డాడు.

“అన్న తాగలే గద?” అని అడిగాడు.

“తాగలేదు” అన్నాను. “లోపలికి జరుగు. గడప మీద కూర్చుంటే వచ్చేవాళ్లకు అడ్డం.”